రీకాల్ నోటీసు చదవడం, 4వ పాఠం: ఇది ఏ షాపులో అమ్మారు?

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. అమెరికాలో ఉంటున్నవాళ్ళు ఇంట్లో ఏదో ఒక కరెంటు వస్తువు తీసుకుని, దాని మీద రీకాల్ (ప్రమాదం ఉందని అమ్మిన సరుకును కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో వెతికి, ఉంటే ఏ షాపుల్లో అమ్మారో రాసి పంపమన్నాను. వచ్చిన జవాబులు చూశాక ఈసారి అనుకున్న పాఠం (డబ్బు వాపసు అడగడం) పక్కన పెట్టక తప్పలేదు. సగానికి పైగా జవాబుల్లో ఒకటే మాట: "నోటీసు దొరికింది, కానీ మేం కొన్న షాపు పేరు అందులో లేదండీ, కాబట్టి మాది కాదు." ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి, "హమ్మయ్య అనుకుని డీహ్యూమిడిఫయర్ మళ్ళీ ఆన్ చేశాను" అని రాశారు (గదిలో తేమ పీల్చే యంత్రం అది). అమ్మా, ముందు ఆ ప్లగ్గు పీకేయండి. పాఠం తర్వాత చదువుకుందాం.

ఇందులో నా తప్పూ ఉంది. షాపు పేరు చూడమన్నాను గానీ, చూసి ఏం చేయాలో చెప్పలేదు. షాపు పేరు జ్ఞాపకం తెప్పించుకోవడానికి పనికొస్తుంది. పాత బిల్లు ఎక్కడ వెతకాలో చెబుతుంది. "మాది కాదు" అని తేల్చడానికి మాత్రం పనికిరాదు. తేల్చేది వస్తువు మీదున్న స్టిక్కరు: మోడల్ నంబరు, డేట్ కోడ్ (ఎప్పుడు తయారైందో చెప్పే అంకెలు), లాట్ నంబరు (ఏ విడత సరుకో చెప్పేది).

ఇంకో మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. పిల్లల కారు సీటు సీపీఎస్సీ (కన్స్యూమర్ ప్రాడక్ట్ సేఫ్టీ కమిషన్, ఇంటి వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్లో దొరకలేదని ముగ్గురు రాశారు. దొరకదు. కారు సీట్లు చూసేది ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే రోడ్డు భద్రత చూసే సంస్థ. ఏ వస్తువు ఏ సంస్థ కిందికి వస్తుందో రెండో పాఠంలోనే చెప్పాను కాబట్టి మళ్ళీ చెప్పను.

ఆ ఒక్క లైను

సీపీఎస్సీ నోటీసులో "సోల్డ్ ఎట్", అంటే అమ్మిన చోటు, అని ఒక లైను ఉంటుంది. అందులో సాధారణంగా నాలుగు సంగతులు ఇరికించి రాస్తారు: షాపుల పేర్లు, ఆన్‌లైన్ సైట్లు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అమ్మారు, ఎంత ధరకి అమ్మారు. చాలామంది షాపు పేరు దగ్గరే ఆగిపోతారు. నేనైతే తేదీల నుంచి మొదలుపెడతాను. ఏ షాపులో కొన్నామో మర్చిపోతాం గానీ, ఏ ఇంట్లో ఉన్నప్పుడు కొన్నామో గుర్తుంటుంది.

మన డీహ్యూమిడిఫయర్ ఆవిడ చూసిన నోటీసునే తీసుకుందాం, ఎందుకంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2013 సెప్టెంబరులో గ్రీ అనే కంపెనీ తయారుచేసిన డీహ్యూమిడిఫయర్లను రీకాల్ చేశారు. అవి వేడెక్కి, పొగ వచ్చి, మంట అంటుకునే ప్రమాదం ఉంది. అమ్మిన చోట్లు చూడండి: హోమ్ డిపో, లోస్, కేమార్ట్, మెనార్డ్స్, శామ్స్ క్లబ్, సియర్స్, వాల్‌మార్ట్ వగైరా, ఆ పైన "ఇంకా దేశమంతటా ఉన్న ఇతర షాపులు", ఆన్‌లైన్లో అమెజాన్, ఈబే. 2005 జనవరి నుంచి 2013 ఆగస్టు దాకా, 110 నుంచి 400 డాలర్ల మధ్య.

ఎనిమిదిన్నరేళ్ళు, అన్ని షాపులు! ఇక బ్రాండు చూద్దామా అంటే అదొక సంత. డాన్‌బీ, డెలాంగీ, ఫెడర్స్, ఫ్రిజిడేర్, కెన్‌మోర్, సోలియస్‌ఎయిర్... మొత్తం పన్నెండు పేర్లు. లోపల యంత్రం చేసింది ఒక్క కంపెనీ, ముందు అతికించిన పేర్లు పన్నెండు. "నాది గ్రీ కాదు, కెన్‌మోర్" అని నోటీసు మూసేసినవాళ్ళు కూడా మన జవాబుల్లో ఉన్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2014 జనవరిలో జీఈ బ్రాండు డీహ్యూమిడిఫయర్లను కూడా ఆ రీకాల్‌లో కలిపారు. 2013 నోటీసు చూసి "జీఈ లేదు, బతికిపోయాం" అనుకున్నవాళ్ళు నాలుగు నెలల తర్వాత మళ్ళీ చూసి ఉంటారా? అనుమానమే. అందుకే నోటీసు దొరకగానే పైన "విస్తరించారు" అనో "మళ్ళీ ప్రకటించారు" అనో అర్థమొచ్చే మాట ఉందేమో చూడండి. కొత్త నోటీసు ఉంటే షాపుల లైను అందులోంచే తీసుకోండి.

"ఇంకా ఇతర షాపులు" అంటే ఏమిటి?

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, కాబట్టి కాస్త సాగదీస్తాను.

షాపుల లైను ఎక్కువగా మూడు రకాలుగా రాస్తారు. మొదటిది, "సోల్డ్ ఎక్స్‌క్లూజివ్‌లీ ఎట్", అంటే ఫలానా షాపులో మాత్రమే. అప్పుడు షాపు పేరుకి నిజంగా బరువుంటుంది. రెండోది, పేర్ల పట్టిక, చివర ఏ తోకా లేకుండా. మూడోది, నాలుగైదు పేర్లు రాసి, చివర "అండ్ అదర్ స్టోర్స్ నేషన్‌వైడ్" అని తగిలిస్తారు. లేదా మొదట్లోనే "మేజర్ రిటెయిలర్స్ ఇంక్లూడింగ్", అంటే ఫలానావాటితో సహా పెద్ద షాపులు, అంటారు. ఈ "ఇంక్లూడింగ్" అన్న మాటను కళ్ళు ఎలా దాటేస్తాయో నాకు అర్థం కాదు. పెళ్ళికి "మామయ్య, అత్తయ్యలతో సహా చాలామంది వచ్చారు" అంటే, వచ్చింది ఆ ఇద్దరే అని ఎవరైనా అనుకుంటారా? నోటీసులో మాత్రం అలాగే అనుకుంటాం.

ఫిషర్-ప్రైస్ రాక్ అండ్ ప్లే స్లీపర్ (పసిపిల్లల్ని పడుకోబెట్టే ఊగే పడక) సంగతి చూడండి. 2019 ఏప్రిల్‌లో దాదాపు 47 లక్షల స్లీపర్లను రీకాల్ చేశారు. అమ్మిన చోటు: వాల్‌మార్ట్, టార్గెట్, అమెజాన్‌లతో సహా పెద్ద షాపులు. ధర 40 నుంచి 149 డాలర్లు. 2023 జనవరిలో అదే రీకాల్‌ను మళ్ళీ ప్రకటించాల్సి వచ్చింది. మొదటి రీకాల్ తర్వాత కూడా కనీసం ఎనిమిది మంది పసివాళ్ళు వాటిలో చనిపోయారని ఆ రెండో ప్రకటనలో ఉంది. ఎవరింట్లో ఎందుకు మిగిలిపోయిందో నోటీసు చెప్పదు. కానీ ఉయ్యాలలు, స్లీపర్ల లాంటివి అక్క పిల్లల నుంచి చెల్లెలి పిల్లలకి, అక్కణ్ణుంచి పక్కింటికి చేతులు మారుతుంటాయి కదా. అలా వచ్చిన వస్తువుకి మీ వైపు నుంచి "కొన్న షాపు" అనేదే ఉండదు. గరాజ్ సేల్‌లో ఐదు డాలర్లకు తెచ్చుకున్నదాన్ని "నోటీసులో ధర 40 నుంచి మొదలైంది, మాది ఐదే" అని పక్కన పెట్టినవాళ్ళూ ఉన్నారు మరి! అన్నట్టు, 2008లో వచ్చిన చట్టం ప్రకారం రీకాల్ అయిన వస్తువును అమ్మడమే చట్టవిరుద్ధం. పాత సామాన్ల దుకాణాలకీ ఇది వర్తిస్తుంది.

నా సంగతీ చెబుతాను. ఒక చలికాలమంతా ఒక రూమ్ హీటర్ వాడాను. రీకాల్ నోటీసు చూశాను, నేను కొన్న షాపు అందులో లేదు, ఊరుకున్నాను. వసంతంలో దాన్ని అటక మీద పెట్టబోతూ అడుగున స్టిక్కరు చూశాను. నోటీసులో ఉన్న ఇంపోర్టరు పేరే! డేట్ కోడ్ కూడా నోటీసులో ఇచ్చిన వరుసలోదే. అడ్డంగా మూడు గీతలు, వాటి కింద నాలుగంకెలు, చివరి అంకె మీద దుమ్ము. బొటనవేలితో తుడిస్తే గానీ కనపడలేదు. అప్పటినుంచి నేను బ్రాండు పేరుతో వెతకడం మానేశాను. స్టిక్కరు మీదున్న తయారీదారు పేరుతోనో ఇంపోర్టరు పేరుతోనో వెతుకుతాను. నోటీసులో కూడా ఆ పేర్లు విడిగా ఇస్తారు.

తిండి సామాను దగ్గర లెక్క వేరు

మాంసం, చికెన్ రీకాళ్ళు చూసేది వ్యవసాయ శాఖ కింద ఉన్న ఎఫ్‌ఎస్‌ఐఎస్. షాపుల విషయంలో నాకు బాగా నచ్చే సంస్థ ఇదే. 2008 నుంచి క్లాస్ 1 రీకాళ్ళకి, అంటే ఆరోగ్యానికి తీవ్రమైన ప్రమాదం ఉన్నవాటికి, ఏ షాపు, ఏ ఊరు, ఏ బ్రాంచి అన్నదాకా పట్టిక పెడుతున్నారు. నోటీసు వచ్చిన రోజే ఉండదు, కొన్ని రోజులు పడుతుంది. మొదటి రోజు చూసి పట్టిక లేదని వదిలేయకండి.

ఇంత వివరంగా ఇచ్చాక కూడా ఆ పట్టిక మీద వాళ్ళే ఏం రాస్తారో తెలుసా? సరుకు వెళ్ళిన షాపులన్నీ ఇందులో ఉండకపోవచ్చు, వెళ్ళని షాపులు కొన్ని ఇందులో ఉండొచ్చు, కాబట్టి ప్యాకెట్ మీది వివరాలు కూడా సరిచూసుకోండి అని. పట్టిక తయారుచేసినవాళ్ళే ఆ మాట అంటుంటే మనం దాన్ని పట్టుకుని "మాది కాదు" అనడమేమిటి?

మిగతా తిండి చాలావరకు ఎఫ్‌డీఏ, అంటే ఆహారం, మందులు చూసే సంస్థ కిందిది. 2023 చివర్లో దాల్చినచెక్క కలిపిన యాపిల్ ప్యూరీ పౌచుల్లో సీసం బయటపడింది గుర్తుందా? ముందు వనాబానా పేరుతో రీకాల్ వచ్చింది. కొద్ది రోజులకే ష్నక్స్, వైస్ అనే సూపర్‌మార్కెట్లు తమ సొంత పేర్లతో అమ్మిన పౌచులు కూడా చేరాయి. వనాబానా పౌచులు శామ్స్ క్లబ్, డాలర్ ట్రీ, అమెజాన్‌లలో దొరికేవి. వైస్ పేరున్నవి వైస్ షాపుల్లో. ఇలా షాపు తన సొంత పేరు వేసుకుని అమ్మే సరుకైతే ఆ పేరే షాపు చిరునామా. ఇక్కడ మాత్రం పని సులువు.

ఆన్‌లైన్లో కొన్నవాళ్ళకి

ఆర్డరు పేజీ తెరిచి "సోల్డ్ బై" పక్కనున్న పేరు చూడండి. సైటు పేరు వేరు, అమ్మినవాడి పేరు వేరు. నోటీసులో ఒక్కోసారి సైటు పేరే ఉంటుంది, ఒక్కోసారి అమ్మకందారు పేరు కూడా ఇస్తారు. అమెజాన్ తన గోదాముల నుంచి పంపే ఇతరుల సరుకు విషయంలో అది "డిస్ట్రిబ్యూటరే" అని, కాబట్టి రీకాల్ బాధ్యత దానికీ ఉంటుందని సీపీఎస్సీ 2024 జులైలో తేల్చింది. మీ అమెజాన్ ఖాతాలో రీకాళ్ళకి విడిగా ఒక పేజీ కూడా ఉంది, కొన్నవాటిలో ఏవి రీకాల్ అయ్యాయో అక్కడ కనిపిస్తాయి. సభ్యత్వం ఉండే షాపులతో ఇంకో లాభం: ఎవరు ఏం కొన్నారో వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. బిల్లు పోయినా కస్టమర్ సర్వీసులో అడిగితే కొన్న తేదీ చెప్పగలరు.

షాపుకి ఫోన్ చేసి "మీరు ఇది అమ్మారా?" అని అడగడం నాకు ఇష్టముండదు. లైన్లో పదిహేను నిమిషాలు వేచి ఉంటే, ఫోన్ ఎత్తిన కుర్రాడికి ఆ వస్తువు పేరే తెలియదు. అడగాలనుకుంటే బార్‌కోడ్ నంబరు చేతిలో పెట్టుకుని అడగండి. అయితే బార్‌కోడ్ కలిసినంత మాత్రాన మీది రీకాల్ అయినదే అని కాదు. ఒకే బార్‌కోడ్‌తో ఏళ్ళ తరబడి సరుకు వస్తుంటుంది, అందులో చెడ్డది కొన్ని నెలలదే కావచ్చు. మళ్ళీ డేట్ కోడ్ దగ్గరికే రావాలి. షాపు మూతపడిపోయిందని కంగారు పడకండి. మామూలుగా డబ్బో, మరమ్మతో ఇచ్చేది రీకాల్ చేసిన కంపెనీ. నోటీసులో ఉన్న ఫోన్ నంబరు వాళ్ళదే.

ఈసారి పని

కొంచెం ఎక్కువే ఇస్తున్నాను, తిట్టుకోకండి. సీపీఎస్సీ సైట్లో మూడు నోటీసులు పట్టుకోండి: షాపుల లైను "మాత్రమే" అన్నది ఒకటి, తోక లేని పట్టిక ఒకటి, "ఇంకా ఇతర షాపులు" అన్నది ఒకటి. తర్వాత రాక్ అండ్ ప్లే 2019 నోటీసునీ 2023 నోటీసునీ పక్కపక్కన పెట్టుకుని, అమ్మిన చోటు లైనులో ఏం మారిందో రాయండి. చివరిగా, పోయినసారి "మాది కాదు" అని రాసినవాళ్ళందరూ అదే వస్తువు తిరగేసి, స్టిక్కరు మీది మోడల్ నంబరు, డేట్ కోడ్, తయారీదారు లేదా ఇంపోర్టరు పేరు, మూడూ పంపండి. ఫోటో అయితే దుమ్ము తుడిచి తీయండి.

స్టిక్కరు చిరిగిపోయిందో, అక్షరాలు చెరిగిపోయాయో అంటారా? ఆ గడి ఖాళీగా వదిలేసి పంపండి. వచ్చే పాఠం మీ కోసమే.