పాత ఇంటి బయటి గోడలకు మళ్లీ ప్లాస్టరింగ్: ఎంతవుతుంది, ఎలా చేయించుకోవాలి

పెచ్చులూడిన గోడ చూపించి "మేస్త్రీ, అడుగుకి ఎంత?" అని అడుగుతాం. ఆయన ఒక రేటు చెబుతారు. దాన్ని గోడల కొలతతో గుణించి, బడ్జెట్ తేలిపోయిందనుకుంటాం. కానీ ఆ రేటు కొత్త పూతకి మాత్రమే. పాత పూత చెక్కడం, ఆ రబ్బీసు ట్రాక్టర్‌కి ఎత్తించి పంపడం, పరంజా, పూత కింద కొట్టే తీగ జాలీ, వారం రోజులు నీళ్లు కొట్టే మనిషి, ఆ తర్వాత రంగులు, ఇవన్నీ పని మొదలయ్యాక ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. అందుకే ముందు ఇంటి చుట్టూ తీరిగ్గా ఒకసారి తిరిగి గోడలు చూడండి, రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు.

చూడాల్సిన మొదటి సంగతి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్నది. మన నెల్లూరు, ప్రకాశం తీరంలో అసలు వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ పడేవే. జల్లు తూర్పు నుంచి, ఉత్తరం నుంచి కొడుతుంది కాబట్టి చాలా ఇళ్లలో ఆ రెండు గోడలే ముందు పాడవుతాయి. పడమటి, దక్షిణపు గోడలు ఎండకి రంగు వెలిసినా లోపల పూత గట్టిగానే ఉంటుంది. అంటే నాలుగు గోడలూ చెక్కించాల్సిన అవసరం చాలా ఇళ్లకి ఉండదు, డబ్బు మిగిలేది ఇక్కడే.

రెండోది, కింది మూడడుగుల్లో వచ్చే ఉప్పు. పాత ఇళ్లలో పునాదికీ గోడకీ మధ్య తడి పైకెక్కకుండా అడ్డుపొర వేసేవాళ్లు కాదు. నేలలోని చెమ్మ ఇటుకలోంచి పైకి పాకి, గోడ పైపొరలో ఆరిపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు మాత్రం అక్కడే గడ్డకట్టి పూతని లోపలి నుంచి నెడుతుంది. వేలితో రాస్తే తెల్లటి పొడి రాలుతుందే, అదే. దీనికి తోడు ఈ మధ్య ప్రతి వీధిలోనూ పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఒకప్పుడు మూడు మెట్లెక్కి లోపలికెళ్లే ఇళ్లు ఇప్పుడు రోడ్డుకి సమానంగానో, గుంటలోనో ఉన్నాయి. గోడకి ఆనుకుని మట్టి పేరుకుని ఉంటే, ఎంత మంచి పూత పూయించినా రెండు వానాకాలాలు దాటదు. ఆ మట్టి తీయించి, బయటి నేల ఇంటి లోపలి నేల కంటే కనీసం అర అడుగు కిందికి ఉండేలా, నీళ్లు గోడ నుంచి దూరంగా పోయేలా వాటం పెట్టించండి. చాలామంది గోడ చుట్టూ సిమెంటుతో గట్టిగా అరుగు పోయిస్తారు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ నేలలోంచి బయటికి పోవాల్సిన తడికి దారి మూసేసి దాన్ని గోడలోకే పంపుతుంది. పైన పిట్టగోడ పగుళ్లు, సన్‌షేడ్ మీద నీళ్లు నిలవడం, మేడమీద నుంచి దిగే పైపు అతుకు దగ్గర కారడం కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఇవి బాగు చేయకుండా ప్లాస్టరింగ్ చేయించడం దండగ ఖర్చు.

మూడోది గోడ దేనితో కట్టారన్నది. ఇది చాలామంది అసలు అడగరు. పెచ్చు ఊడిన చోట ఇటుకల మధ్య సందులో తాళంచెవితో గీకండి. మట్టిలా రాలితే అడుసుతో కట్టిన గోడ. తెల్లగా పొడిపొడిగా రాలితే సున్నం. గీత కూడా పడకపోతే సిమెంటు. కావలి దగ్గర మా బంధువుల ఇల్లు ఒకటుంది, గానుగలో నూరిన సున్నంతో కట్టిన పాత ఇల్లు. కింద మూడడుగులు పూత పాడైందని అంతమేర చెక్కించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. మరుసటి ఏడాది ఆ సిమెంటు చెక్కు చెదరలేదు, దానికి సరిగ్గా పైన ఉన్న పాత సున్నపు పూత మాత్రం ఉబ్బి రాలడం మొదలైంది. సిమెంటు తడిని బయటికి రానివ్వదు కాబట్టి చెమ్మ ఇంకో రెండడుగులు పైకెక్కి, సున్నం దొరికిన చోట బయటపడింది. ఆ గీత ఇప్పటికీ గోడ మీద అడ్డంగా కనిపిస్తుంది.

కాబట్టి సున్నపు గోడకి సున్నపు పూతే వేయించండి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, పైన సున్నం వెల్ల. పెద్దవాళ్లు అందులో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపేవాళ్లు. ఈ పని చేతికి అలవాటైన మేస్త్రులు తగ్గిపోయారు, వెతుక్కోవాలి. పాత గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లనో, ఊళ్లో పెద్ద వయసు మేస్త్రులనో అడిగితే దారి దొరుకుతుంది. పూత ఆరడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, కూలీ కూడా ఎక్కువవుతుంది. అయినా ఆ గోడకి అదే నిలుస్తుంది. అడుసు గోడకైతే గట్టి సిమెంటు పూత అసలే వద్దు, పూత గట్టిగా, గోడ మెత్తగా ఉంటే రెండూ విడిపోయి పలకలు పలకలుగా ఊడొస్తాయి.

ఇప్పుడు సిమెంటుతో కట్టిన గోడ లెక్క చూద్దాం, మన దగ్గర ముప్ఫై నలభై ఏళ్ల నాటి ఇళ్లు ఎక్కువ శాతం ఇవే.

ఒక చిన్న సుత్తి, ఒక సుద్దముక్క పట్టుకుని గోడంతా తట్టుకుంటూ పోండి. పూత గోడని పట్టుకుని ఉన్నచోట గట్టిగా టక్కుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన చోటల్లా గీత గీసి చుట్టండి. గీతలు అక్కడక్కడా ఉంటే అంతమేరే చెక్కించి అతుకు వేయించొచ్చు, గోడలో సగానికి మించి ఉంటే ఆ గోడ మొత్తం చెక్కించడమే నయం, అతుకుల మీద అతుకులు వేస్తే ప్రతి అంచు దగ్గరా వెంట్రుకవాసి పగుళ్లొస్తాయి.

స్థలం మనం అంకణాల్లో చెప్పుకున్నా పూత పని చదరపు అడుగుల్లోనే. 30 అడుగులు, 40 అడుగుల ఇల్లు, పిట్టగోడతో కలిపి 12 అడుగుల ఎత్తు అనుకుందాం. చుట్టుకొలత 140, దాన్ని 12తో గుణిస్తే 1680 చదరపు అడుగులు. తట్టి చూస్తే తూర్పు, ఉత్తరపు గోడలు మొత్తం పోయాయి, మిగతా రెండింటికీ కింది మూడడుగులు మాత్రమే పోయాయి అనుకోండి. 70 ఇంటూ 12 అంటే 840, 70 ఇంటూ 3 అంటే 210. మొత్తం 1050. కిటికీలు, తలుపులు తీసేయలేదు, ఎందుకంటే వాటి అంచులు, మూలలు సరిచేయడానికి పనెక్కువని చాలామంది మేస్త్రులు కొలతలో తీసేయనివ్వరు. మీరు ఎలా ఒప్పుకున్నా ముందే మాట్లాడుకోండి.

బయటి పూత 20 మిల్లీమీటర్ల మందం, ఒక పాలు సిమెంటుకి ఐదారు పాళ్లు ఇసుక చొప్పున 100 చదరపు అడుగులకి సుమారు బస్తా పావు నుంచి బస్తాన్నర సిమెంటు, 8 నుంచి 9 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. 1050కి 15 బస్తాలు, 100 ఘనపుటడుగుల ఇసుక పెట్టుకోండి, అంటే దాదాపు నాలుగున్నర టన్నులు. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమే అయినా లోడింగ్, బండి కిరాయి మనదే, రేవు నుంచి మీ ఊరు ఎంత దూరమైతే అంత ఎక్కువ.

కింది రేట్లు లెక్క ఎలా వేయాలో చూపించడానికి నేను పెట్టుకున్న అంకెలు, వాటి స్థానంలో మీ ఊరి రేట్లు పెట్టుకోండి. చెక్కడానికి అడుగుకి 10 చొప్పున రూ. 10,500. సిమెంటు బస్తా 350 చొప్పున రూ. 5,250. ఇసుక ఇంటికి చేరేసరికి టన్ను వెయ్యి చొప్పున రూ. 4,500. పూత కూలీ అడుగుకి 35 చొప్పున రూ. 36,750. రబ్బీసు రెండు ట్రాక్టర్లు రూ. 3,000. పరంజా, జాలీ, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి రూ. 6,000. అన్నీ కూడితే రూ. 66,000, అంటే అడుగుకి 63 దాకా పడింది. మేస్త్రి మొదట చెప్పింది 35. రంగులు ఇల్లంతా వేయాలి, లేకపోతే కొత్త గోడ, పాత గోడ వేర్వేరుగా కనబడతాయి. ప్రైమర్, రెండు కోటింగులు, కూలీ కలిపి అడుగుకి 20 అనుకుంటే 1680కి రూ. 33,600. మొత్తం రూ. 99,600. చెక్కాక లోపల ఇటుకలు కరిగిపోయి కనబడొచ్చు, సన్‌షేడ్‌లో ఇనుము తుప్పు పట్టి ఉండొచ్చు, అందుకని ఇంకో పదిహేను వేలు పక్కన పెట్టుకోండి. నాలుగు గోడలూ చెక్కించి ఉంటే ఇదే రేట్ల మీద పని మరో నలభై వేలు పెరిగేది.

ఈ లెక్కలో సిమెంటు వాటా ఎంతో చూడండి. 66 వేలలో ఐదు వేల చిల్లర. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మంచిదే, కానీ ఇలాంటి పనిలో దానివల్ల మిగిలేది నాలుగైదు వందలు. సిమెంటు తగ్గించి మాలు (ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద) పల్చగా కలిపిస్తే మిగిలేదీ తక్కువే, పోయేది మాత్రం అరవై వేల పని. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే చెక్కించే కొలత దగ్గర తగ్గించండి, మాలు కలిపే దగ్గర వద్దు.

పని ఎలా జరగాలో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే పక్కన నిలబడి చూసుకోవాల్సింది మనమే. చెమ్మ ఆనవాలు ఎంతవరకు కనిపిస్తుందో దానికి ఇంకో అడుగు పైదాకా చెక్కించండి. ఇటుకల మధ్య సందులు అరంగుళం పైన లోతుకి గీకించండి, కొత్త పూతకి పట్టు దొరికేది అక్కడే. ఉప్పు ఉన్నచోట గట్టి బ్రష్‌తో పొడిగానే రుద్ది దులిపేయాలి, నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. వీలైతే చెక్కిన గోడని కొన్ని వారాలు అలాగే ఆరనివ్వండి. మేస్త్రి తొందర పెడతారు, ఆయనకి వేరే పనులుంటాయి, అయినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

నీళ్ల సంగతి మన తీరపు ఊళ్లకి మరీ ముఖ్యం. అల్లూరు, కొత్తపట్నం లాంటి చోట్ల బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో మాలు కలిపి, ఆ నీళ్లే వారం రోజులు గోడ మీద కొడితే మనం చెక్కించి తీసేసిన ఉప్పుని మన చేతులతోనే మళ్లీ పట్టించినట్టు. తాగడానికి పనికొచ్చే నీళ్లే వాడండి, ట్యాంకర్ తెప్పించాల్సి వస్తే అదీ బడ్జెట్‌లో రాసుకోండి. సముద్రపు ఇసుక దగ్గరికి రానివ్వొద్దు. ఏటి ఇసుకైనా, పూతకని విడిగా అమ్మే రోబో ఇసుకైనా జల్లెడ పట్టాల్సిందే.

స్లాబు, బీములు గోడని తాకే చోట జాలీ (చికెన్ మెష్) కొట్టించండి, లేదంటే సరిగ్గా ఆ గీత వెంటే పగులుతుంది. గోడ తడిపి, మొదటి పూత 12 మిల్లీమీటర్లు వేసి, ఆరకముందే దాని మీద గీతలు పెట్టి, ఒకటి రెండు రోజులు తడుపుతూ, ఆ పైన రెండో పూత 8 మిల్లీమీటర్లు. వాటర్‌ప్రూఫ్ మందు డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే పోయించండి, ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టిపడదు. నీళ్లు కలిపిన మాలు అరగంటలో అయిపోవాలి. టీకి వెళ్లొచ్చి బిగుసుకున్న మాల్లో మళ్లీ నీళ్లు పోసి కలుపుతుంటే అక్కడే ఆపించండి. తర్వాత కనీసం ఏడు రోజులు, రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు కొట్టాలి. రంగు నెల తర్వాతే.

ఈ పనికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి కాలం. వానల తడి ఆరుతుంది, ఎండ ఇంకా ముదరదు. రోహిణి కార్తెలో చేయిస్తే పొద్దున పూసింది మధ్యాహ్నానికల్లా ఎండి పగుళ్లిస్తుంది, తప్పకపోతే గోడకి తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. అక్టోబరులో మొదలుపెట్టొద్దు.

ఇదంతా ఎందుకు, ఎలివేషన్ టైల్సో షీట్లో అతికించేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. గోడ పొడిగా, గట్టిగా ఉంటే అందానికి అతికించుకోండి, చీమకుర్తి గ్రానైట్ మన పక్కనే ఉంది. చెమ్మ ఉన్న గోడ మీద అతికిస్తే మాత్రం ఆ చెమ్మ బయటికి దారిలేక ఇంటి లోపలి గోడ మీద తేలుతుంది, అప్పుడు బీరువా వెనక బట్టలకి బూజు.

చివరిగా మేస్త్రితో మాట. లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా? చెక్కడం అందులోనే ఉందా? పరంజా ఎవరిది? రబ్బీసు ఎవరు తీయాలి? నీళ్లు ఎవరు కొట్టాలి? కిటికీలు కొలతలో ఉన్నాయా? ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి, మంచి మేస్త్రి దీనికి నొచ్చుకోరు. డబ్బులు పని సాగేకొద్దీ ఇస్తూ, పదో వంతు మాత్రం ఉంచండి. నీళ్లు కొట్టడం అయ్యాక అదే సుత్తితో, మేస్త్రి పక్కనుండగానే, కొత్త గోడ కూడా కింది నుంచి పైదాకా తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట ఆయన చేతే చెక్కించి మళ్లీ పూయించి, అప్పుడు ఆ మిగిలిన డబ్బు ఇచ్చేయండి.