చిట్టి బరువు తగ్గించిన స్టీలు డబ్బా

బియ్యం అంగడిలో బస్తాలు తూచే కాటా మీద మా చిట్టిని నిలబెట్టిన రోజు అంకె 41.2 దగ్గర ఆగింది. అంగడాయన చూసి, "ఇంకో తొమ్మిది కిలోలైతే రెండు పాతిక కిలోల బస్తాలమ్మా" అన్నాడు. నవ్వేశాను కానీ ఇంటికి చేరేదాకా ఆ మాట మింగుడుపడలేదు.

చిట్టి ఆరేళ్ల ఆడ లాబ్రడార్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్ తర్వాత కుక్కకు కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. మేము పాత కొలతే పెడుతూ వచ్చాం. పైగా లాబ్రడార్ జాతి. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో కొంత ముక్క లోపించి ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. పరీక్ష చేయించకుండానే మా వారు చిట్టిని ఆ నాలుగో వంతులో చేర్చేశారు. ఖాళీ గిన్నెను అది వంటింటి ఈ మూల నుంచి ఆ మూల దాకా నాకుతూ తోసుకెళ్లడం చూస్తే మీరూ అదే అంటారు.

మీ కుక్క లావో కాదో తెలియడానికి కాటా కంటే ముందు మీ చెయ్యి చాలు. పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్లు జరపండి. పక్కటెముకలు అలా తగిలితే కుక్క బక్కగా ఉన్నట్టు. చెయ్యి చాచి వెనక వైపు తడమండి. ఎముక తెలుస్తూ పైన పలుచగా చర్మం ఉంటుంది కదా, అలా ఉంటే సరైన ఒళ్లు. అరచేతి మెత్తదనం తగిలితే లావు. చిట్టికి అరచేయి కాదు, దిండు తగిలింది. పైనుంచి చూస్తే నడుము దగ్గర నొక్కు కూడా కనిపించాలి. మా దానికి మెడ నుంచి తోక దాకా ఒకటే వెడల్పు.

తిండి తగ్గించే ముందు డాక్టరుకు చూపించండి, ఇది మాత్రం దాటవేయకండి. థైరాయిడ్ మందగించినా, కొన్ని మందులు వాడుతున్నా ఒళ్లు వస్తుంది. ఒళ్లంతా మామూలుగా ఉండి పొట్ట ఒక్కటే ఉబ్బితే అది కొవ్వు కాక నీరు కావచ్చు, దానికి వైద్యం వేరు. 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉన్న తిరుపతిలో ఉంటూ నేను ఏడాదిపాటు వాయిదా వేశాను, నా బద్ధకమే. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. "జబ్బు కుక్కకు లేదు, ఇంట్లో ఉందేమో చూడండి" అన్నారు డాక్టరు.

ఆ మాట పట్టుకుని ఫ్రిజ్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీశాను. చిట్టి నోట్లోకి ఏది పోయినా రాయాలని అందరికీ చెప్పాను. ఇంట్లో దానికి తిండి పెట్టేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. వారం తిరిగేసరికి పుస్తకంలో తేలింది ఇది: అత్తమ్మ పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నెయ్యి వేసిన రాగి సంగటి ముద్ద. అబ్బాయి చదువుకుంటూ బిస్కెట్లు. రాత్రి అందరి పళ్లేల్లో మిగిలిన పెరుగన్నం. నేను పెట్టే రెండు పూటల తిండి వీటికి అదనం.

రోజుకు ఎన్ని కేలరీలు పెట్టాలో లెక్క ఇలా వేస్తారు. ఉండాల్సిన బరువును 30తో గుణించి 70 కలపాలి. చిట్టికి 30 కిలోలు లక్ష్యం కనుక 970 వస్తుంది. డాక్టర్లు వాడే అసలు సూత్రంతో 900 కేలరీల దగ్గర తేలుతుంది, మమ్మల్ని ఆ 900తోనే మొదలుపెట్టమన్నారు. ఇందులో చిరుతిళ్లు పదో వంతు మించకూడదు, అంటే 90. ఒక ఇడ్లీ సుమారు 50, చిన్న చెంచా నెయ్యి 45. అత్తమ్మ రెండు ఇడ్లీలతోనే ఆ రోజు ఖాతా మూతపడుతుందన్నమాట.

అలాగని ఉన్న తిండిని ఒక్కసారి సగానికి కోయకూడదు. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, కావలసిన పోషకాలూ సగమవుతాయి. మాంసకృత్తులు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండే, బరువు తగ్గడానికే తయారైన పొడి తిండిని డాక్టరు సూచించారు. వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాం. కప్పుతో కొలవకండి. నేను నిండుగా పోసిన కప్పుకూ మా వారు పోసిన కప్పుకూ ఇరవై గ్రాముల తేడా వచ్చింది. వంటింటి చిన్న కాటా మీద గ్రాముల్లో తూచండి.

అసలు పని చేసింది మాత్రం ఒక స్టీలు డబ్బా. పొద్దున్నే రోజంతటి తిండి తూచి అందులో పోస్తాను. పక్కన ఉడికించిన బీన్స్, క్యారెట్, కీరదోస ముక్కలు పెడతాను. ఉప్పు, పోపు ఏమీ వెయ్యను. ఎవరికి ప్రేమ పొంగినా ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి, ఖాళీ అయితే ఆ రోజుకు ప్రేమ అయిపోయినట్టే. మొదటి వారం మధ్యాహ్నానికే అడుగంటింది. రాత్రి చిట్టి చూసిన చూపుకు మా అబ్బాయి లేచి వేరే గదిలోకి వెళ్లిపోయాడు.

"నోరులేని జీవం కడుపు మాడ్చి ఏం సాధిస్తావమ్మా?" అన్నారు అత్తమ్మ. 48 లాబ్రడార్లను చిన్న పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ గమనిస్తే, పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయని 2002లో వచ్చిన అధ్యయనం గురించి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "రెండేళ్లా?" అని మాత్రం అడిగారు.

ఇడ్లీ ఆగింది కానీ లడ్డూ ఆగలేదు. తిరుపతిలో ఏ ఇంటికైనా నెలకోసారి కొండ నుంచి లడ్డూ వస్తూనే ఉంటుంది. ప్రసాదం కాదనడం అత్తమ్మకు ససేమిరా కుదరదు. ఇక్కడ బరువు ఒక్కటే సమస్య కాదు. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఏ కుక్కకు ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంత నెయ్యి ఒక్కసారి పడితే క్లోమం వాచే ముప్పు వేరే. సాంబారు అన్నంలోని ఉల్లిపాయ కూడా విషమే. ఈ చిక్కు అత్తమ్మే విప్పారు. ఇప్పుడు పటం ముందు లడ్డూ పక్కన ఒక క్యారెట్ ముక్క కూడా పెడతారు. హారతి అయ్యాక లడ్డూ మాకు, క్యారెట్ కళ్లకద్దుకుని చిట్టికి.

నడకకు ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. బరువు తగ్గేది గిన్నె దగ్గర, నడక కండను కాపాడుతుంది. కీళ్ల మీద భారం ఉంటుంది కనుక పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచాం. పరుగులు, మెట్లు వద్దు. మన ఎండల్లో ఉదయం ఏడు దాటాక బయటికి తీయకండి. సాయంత్రమైనా అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి చూడండి, ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. విపరీతంగా రొప్పుతూ, చొంగ కార్చి తూలితే మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా ఉంచి ఆసుపత్రికి పరుగెత్తాలి. చిరుతల వార్తలు వచ్చినప్పటి నుంచి యూనివర్సిటీ వైపు, అలిపిరి వైపు చీకట్లో వెళ్లడం మానేశాం. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం, లావు కుక్క పరుగెత్తలేదు కూడా.

పదిహేను రోజులకోసారి అదే కాటా మీద, ఉదయం తిండికి ముందు తూచండి. వారానికి ఒంటి బరువులో 1 శాతం తగ్గితే బాగున్నట్టు, 2 శాతం దాటితే డాక్టరుకు చెప్పాలి. మాది ఇంకా నెమ్మది. మొదట 4 కిలోలు మాత్రమే లక్ష్యంగా పెట్టుకున్నాం, నాలుగు నెలలు పట్టింది. తర్వాత నెలన్నర అంకె కదలలేదు. కొలతలు మళ్లీ చూశాను, అత్తమ్మను అనుమానించాను, అబ్బాయి సంచి వెతికాను. చివరికి ఒక ఆదివారం నేనే చిట్టిని నడకకు తీసుకెళితే, అది నన్ను లాక్కెళ్లి ఒక టీ బడ్డీ ముందు కూర్చుంది. బడ్డీ అతను నన్ను చూడకుండానే, "సార్ రాలేదా?" అంటూ బన్ను సగానికి తుంచాడు.

ఆ రోజు నుంచి మా వారు డబ్బాలోంచి పది గింజలు చొక్కా జేబులో వేసుకుని వెళుతున్నారు. ఎనిమిది నెలలకు చిట్టి 32.6 దగ్గర ఉంది, సోఫా ఎక్కడానికి మా సాయం అడగడం లేదు. 30కి వచ్చాక తిండిని పదో వంతు చొప్పున పెంచి చూస్తూ, నెలకోసారి తూచమన్నారు డాక్టరు. డబ్బా మాత్రం తీయవద్దన్నారు.