పారామీటర్ రాకపోతే ఏమవుతుందో ముందే చూసుకోండి

శ్రీకాకుళంలో కూర్చుని జావాలో పలాస జీడిపప్పు ఆర్డర్ల సైట్ రాస్తున్నప్పుడు తెలిసిన సంగతి ఇది. పారామీటర్ అంటే కిలోల సంఖ్య లాంటి, లింకుతో పాటు వచ్చే విలువ. సర్వ్‌లెట్‌లో (రిక్వెస్టులకు జవాబిచ్చే జావా క్లాస్) గెట్‌పారామీటర్ ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరుస) ఇస్తుంది, లింకులో కిలోల సంఖ్య లేకపోతే నల్ (విలువే లేదని) వస్తుంది, దాన్ని నేరుగా సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్‌కి ఇస్తే నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో రిక్వెస్ట్‌పారామ్ రాస్తే, విలువ రానప్పుడు అదే 400 (రిక్వెస్ట్ తప్పు అనే ఎర్రర్ కోడ్) పంపేస్తుంది, మన కోడ్ దాకా రానివ్వదు. నాకు ఇదే నచ్చుతుంది. జావాలోనే వెబ్ సర్వీసులు రాసే జాక్స్-ఆర్‌ఎస్‌లో క్వెరీపారామ్‌తో మాత్రం జాగ్రత్త: ఇంట్ అని పెడితే ఏ ఎర్రరూ లేకుండా 0 వచ్చి కూర్చుంటుంది, సున్నా కిలోల ఆర్డర్ సేవ్ అయిపోతుంది, ఎక్కడ తప్పిందో వెతకడానికే నాకు ఒక పూట పట్టింది. అక్కడ ఇంట్ బదులు నల్‌ని కూడా పట్టుకోగల ఇంటీజర్ పెట్టి నల్ చెక్ చేయండి. పేజీ నంబర్ లాంటివాటికైతే డిఫాల్ట్ వాల్యూ 1 ఇచ్చేస్తే చాలు.