పాత కారుకు వేరే రిమ్ములు వేసుకోవడానికి వీల్ అడాప్టర్లు చేయించడం ఎలా?

పాత మారుతి 800 పన్నెండంగుళాల ఇనుప డిస్కులు తీసేసి, ఎక్కడో మంచి ధరకు దొరికిన శాంట్రో పదమూడంగుళాల అల్లాయ్ రిమ్ములు బిగిద్దామనుకుంటే అడ్డంకి మొదట నట్ల దగ్గరే ఎదురవుతుంది. రెండింటికీ నాలుగేసి కన్నాలే ఉంటాయి గానీ, ఆ కన్నాల మధ్యబిందువుల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 800లో 114.3 మిల్లీమీటర్లు, శాంట్రోలో 100 మిల్లీమీటర్లు. మెకానిక్కులు పీసీడీ అనేది ఈ వ్యాసాన్నే. రిమ్ము కన్నాలను కోలగా తొలిపించి ఎలాగో ఎక్కించుకునేవారూ లేకపోలేదు. ఆ పని మాత్రం ఎంతమాత్రం చేయకూడదు, ఎందుకంటే నట్టు శంకువు కూర్చోవలసిన గుండ్రటి అంచే అక్కడ పోతుంది. సరైన దారి హబ్బుకూ (కారు వైపు చక్రాన్ని బిగించే భాగం) రిమ్ముకూ నడుమ అడాప్టర్ అనే ఒక లోహపు బిళ్ల పెట్టడం. దానిని ఒక వరుస కన్నాలతో కారుకు బిగిస్తారు, దాని మీద ఉన్న మరో వరుస స్టడ్లకు (నట్లు ఎక్కే మరల కడ్డీలకు) రిమ్మును బిగిస్తారు.

పనిలోకి దిగేముందు కాగితాల సంగతి చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులోనూ ఇదే మాట స్పష్టం చేసింది. అందువల్ల రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ ముందుగా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

కొలతలు

నాలుగు కన్నాలున్న రిమ్ములో ఎదురెదురు కన్నాల మధ్యబిందువుల దూరమే పీసీడీ. మధ్యబిందువును కంటితో అంచనా వేయకుండా, ఒక కన్నం లోపలి అంచు నుంచి ఎదురు కన్నం బయటి అంచు వరకు వెర్నియర్‌తో కొలిస్తే నేరుగా సరైన అంకె వస్తుంది. అయిదు కన్నాల రిమ్ములో ఎదురెదురు ఉండవు కాబట్టి పక్కపక్క కన్నాల దూరాన్ని కొలిచి 0.5878తో భాగించాలి. ఉదాహరణకు 67.2 మిల్లీమీటర్లు వస్తే అది 114.3 పీసీడీ అన్నమాట.

ఆ తరువాత హబ్బు మధ్యలో పైకి పొడుచుకువచ్చిన గుండ్రటి బొడ్డు వ్యాసం, దాని ఎత్తు, ముందు చక్రాలకు ఇరుసు నట్టు, వెనుక చక్రాలకు గ్రీజు మూత ఎంత బయటికి ఉన్నాయి, స్టడ్లు హబ్బు ముఖం నుంచి ఎంత పొడవున్నాయి అన్నవి నాలుగు చక్రాలకూ విడివిడిగా రాసుకోవాలి. ముందూ వెనుకా ఒకటే ఉంటాయని అనుకుంటే దెబ్బతింటాము. రిమ్ము వైపు మధ్య కన్నం కూడా కొలవాలి, హ్యుందాయ్ చిన్న కార్లలో అది 54.1 మిల్లీమీటర్లు. మరల పిచ్చు, అంటే పక్కపక్క మరల మధ్య దూరం, మరో ఉచ్చు: మారుతి స్టడ్డు ఎం12 × 1.25 (12 మిల్లీమీటర్ల లావు, 1.25 పిచ్చు), హ్యుందాయ్ స్టడ్డు ఎం12 × 1.5. ఒకదాని నట్టు మరొకదానికి మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి, పానాతో బలవంతం చేస్తే మరలు తినేస్తుంది.

అడాప్టర్ 25 మిల్లీమీటర్ల మందం ఉంటే ప్రతి చక్రం అంత మేర బయటికి జరుగుతుంది. రిమ్ము మీద ఉండే ఈటీ అంకె, రిమ్ము వెడల్పు నడిమి గీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో చెబుతుంది. ఈటీ 45 అని ఉంటే ఇప్పుడది ఈటీ 20లా పనిచేస్తుంది. కాబట్టి ఈటీ ఎక్కువున్న రిమ్ములే ఎంచుకోవాలి, లేకపోతే టైరు మడ్‌గార్డు దాటి బయటికి వస్తుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. టైరు ఎత్తు కూడా లెక్కలోదే. 145/70 ఆర్12 టైరు వ్యాసం 508 మిల్లీమీటర్లయితే 155/65 ఆర్13 వ్యాసం 532 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అయిదు శాతం ఎక్కువ, ఆ మేరకు స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది.

కాగితం మీద గీసి చూడటం

రెండు వరుసల కన్నాలూ ఒకే బిళ్లలో ఇమడాలి. 114.3 వరుసకు 45 డిగ్రీలు జరిపి 100 వరుసను గీస్తే, పక్కపక్క మధ్యబిందువుల దూరం సుమారు 41.5 మిల్లీమీటర్లు వస్తుంది. నట్టూ దాన్ని తిప్పే సాకెట్టూ దిగడానికి 26 మిల్లీమీటర్ల గుంత, స్టడ్డుకు 14 మిల్లీమీటర్ల కన్నం వేసుకున్నా, నడుమ 21 మిల్లీమీటర్ల పైన గట్టి లోహం మిగులుతుంది. నాలుగు కన్నాల కారుకు అయిదు కన్నాల రిమ్ము వేద్దామనుకునేవారు కూడా ఇలాగే గీసి చూడాలి. ఎలా తిప్పినా ఏదో ఒక జత 9 డిగ్రీల లోపుకు వచ్చి తీరుతుంది. 4×100 (నాలుగు కన్నాలు, 100 పీసీడీ) నుంచి 5×114.3కు అయితే ఆ రెండు మధ్యబిందువుల దూరం 11 మిల్లీమీటర్లే, అంటే కన్నాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ఇంట్లో గీసి చేయించుకునేవారు ఆ జోలికి పోవద్దనే నా సలహా.

లోహం

6061-టీ6 అల్యూమినియం గుండ్రటి కడ్డీ ముక్క ఈ పనికి చాలు. పోత అల్యూమినియం పనికిరాదు, ఎందుకంటే లోపలి గాలిబుడగలు పైకి కనబడవు. విశాఖపట్నంలో పాత ఓడల తుక్కులో వచ్చే మందపాటి పలకలు చవకగా దొరుకుతాయి గానీ, గ్రేడు తెలియని ముక్కను చక్రం కింద పెట్టడం పొదుపు కాదు. ఇనుము వాడవచ్చు, కానీ దాని బరువు దాదాపు మూడింతలు. ముక్క 160 మిల్లీమీటర్ల వ్యాసం, 28 మిల్లీమీటర్ల మందం ఉండాలి, చెక్కిన తరువాత 155, 25 మిగులుతాయి.

లేత్ పని

మొదటిసారి నేను అడాప్టర్లు చేయించినప్పుడు, పాత డిస్కునే మూసగా పెట్టి, పంచ్‌తో గుర్తులు కొట్టి, డ్రిల్లింగ్ మిషన్ మీద కన్నాలు వేసి ఇచ్చారు. బిగించినప్పుడు అన్నీ సాఫీగానే దూరాయి. అనకాపల్లి దాటి జాతీయ రహదారి మీద డెబ్బయి అందుకునేసరికి స్టీరింగు చేతుల్లో వణకసాగింది. రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. చివరకు గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దవయసు టర్నర్ అడాప్టర్‌ను చక్‌లో (లేత్‌లో ముక్కను పట్టి తిప్పే భాగం) పట్టి, డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) మొనను దాని నడిమి బొడ్డుకు ఆనించి, చక్‌ను చేత్తో మెల్లగా తిప్పారు. ముల్లు సున్నా నుంచి అరవై గీతల దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. గీతకు 0.01 మిల్లీమీటర్ల లెక్కన బొడ్డు 0.3 మిల్లీమీటర్లు పక్కకు ఉందన్నమాట. “కన్నాలదేటుంది బాబూ, బొడ్డు పక్కకుంది” అన్నారాయన. కన్నాలను ఎంత జాగ్రత్తగా వేసినా, బిళ్ల నడుము హబ్బు నడుముతో కలవకపోతే చక్రం గుండ్రంగా తిరగదు.

అందుచేత క్రమం ఇలా ఉండాలి. ముందుగా వెనుక ముఖాన్ని ఫేసింగ్ చేసి (చదునుగా చెక్కి), చక్ విప్పకుండానే హబ్బు బొడ్డు దూరే గుంతను బోరింగ్ చేయాలి (తొలచాలి). హబ్బు వ్యాసం కంటే 0.05 మిల్లీమీటర్ల సందు చాలు. బయటి అంచును కూడా అదే పట్టులో చెక్కేయాలి. తరువాత ముక్కను తిరగేసి, చక్ మెత్తటి దవడల్లో పట్టి, డయల్ గేజ్ 0.02 మిల్లీమీటర్లకు మించి కదలనంత వరకు సర్ది, అప్పుడు ముందు ముఖాన్నీ, రిమ్ము మధ్య కన్నంలో కూర్చునే అంచునూ చెక్కాలి. ఆ అంచు 54.05 మిల్లీమీటర్లకు రావాలి. ఇరుసు నట్టు, గ్రీజు మూత తగలకుండా లోపల ఎంత తొలచాలో ముందే రాసుకున్న కొలతలు చెబుతాయి.

కన్నాలను మిల్లింగ్ మిషన్ మీద డివైడింగ్ హెడ్‌తోనే (ముక్కను సమాన కోణాల్లో తిప్పే పరికరం) వేయించాలి. మామూలు హెడ్‌లో పిడి నలభై చుట్లకు ముక్క ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, నాలుగు కన్నాలకు పదేసి చుట్లు, రెండో వరుసకు మారేటప్పుడు అదనంగా అయిదు చుట్లు. కంప్యూటర్ మిషన్ దొరికితే మొదటి వరుస కన్నాలు మధ్య నుంచి నేరుగా 57.15 దూరంలో, రెండో వరుస కన్నాలు రెండు దిక్కులా 35.36 చొప్పున ఉండాలని రాసిస్తే చాలు. కారు నట్లు కూర్చునే చోట 60 డిగ్రీల శంకువు చెక్కించి, దాని కింద కనీసం 10 మిల్లీమీటర్ల లోహం మిగల్చాలి. బిగించాక కారు స్టడ్డు గానీ నట్టు గానీ అడాప్టర్ ముఖం దాటి గోరు మందమైనా పైకి రాకూడదు.

స్టడ్లు

10.9 గ్రేడు (ఉక్కు బలాన్ని తెలిపే అంకె), గరుకు పళ్లున్న స్టడ్లనే కొని, ఆ పళ్ల వ్యాసం కొలిచి, దానికంటే కొద్దిగా చిన్న కన్నం వేయించి, హైడ్రాలిక్ ప్రెస్‌తో వెనుక నుంచి దింపించాలి. సుత్తితో కొడితే వంకరగా దిగుతాయి. వెల్డింగ్ అసలే వద్దు, స్టడ్డు గట్టిదనం ఆ వేడికి పోతుంది. స్టడ్డు తల వెనుక ముఖం కంటే లోపలికి కూర్చోవాలి. రిమ్ము బిగించాక నట్టుకు కనీసం 12 మిల్లీమీటర్ల మర పట్టాలి, 1.5 పిచ్చులో అది ఎనిమిది చుట్లు.

బిగింపు

హబ్బు ముఖం మీద తుప్పును తీగ బ్రష్షుతో గీకి శుభ్రం చేయాలి. ఆనుకునే ముఖాల మీద రంగు వేయకూడదు. బండి బరువును మోసేది స్టడ్లు కాదు, గట్టిగా నొక్కుకున్న రెండు ముఖాల మధ్య రాపిడి. ఒక్కో ఎం12 స్టడ్డును 90 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సుమారు 37 వేల న్యూటన్ల నొక్కుడు వస్తుంది. మధ్యలో రంగు పొర నలిగితే ఆ నొక్కుడు తగ్గిపోవచ్చు. బండి మాన్యువల్ ఎంత టార్క్ (నట్టును తిప్పే బలం) చెబితే అంతే, టార్క్ పానాతో, ఎదురెదురు నట్ల వరుసలో బిగించాలి.

నాలుగూ ఎక్కించాక స్టీరింగును రెండు వైపులా చివరి దాకా తిప్పి, వెనుక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడాలి. మొదటి 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి రిమ్ములు విప్పి, లోపలున్న అడాప్టర్ నట్లను కూడా టార్క్ పానాతో సరిచూడాలి. చాలామంది బయటి నట్లతోనే సరిపెట్టుకుంటారు. సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియం, ఇనుప హబ్బుకు కరుచుకుపోతుంది. బీచ్ రోడ్డు పక్కన నిలిపే బండయితే ఆరు నెలలకు ఒకసారి అడాప్టర్లు ఊడదీసి, బొడ్డు మీద మాత్రమే పలుచగా యాంటీ సీజ్ (లోహాలు కరుచుకుపోకుండా ఆపే పూత) రాసి, మరల మీద రాయకుండా తిరిగి బిగించుకోవాలి.