తడి, పొడి చెత్త వేరు చేయడం ఇంట్లో అలవాటు కావాలంటే

రెండు బుట్టలు కొన్నంత మాత్రాన చెత్త వేరు కాదు. చాలా ఇళ్లలో మొదటి వారం బాగానే సాగుతుంది, తర్వాత అంతా ఒకే బుట్టలో పడుతుంది. ఎక్కువసార్లు దీనికి కారణం బుట్టలు పెట్టిన చోటే.

మూత ఉన్న తడి చెత్త బుట్ట కూరగాయలు తరిగే చోట చేతికి అందాలి. పొడి చెత్త సంచిని వంటగది బయట తగిలించండి. రెండూ పక్కపక్కనే ఉంటే హడావుడిలో ఏది దగ్గరైతే దాంట్లోకే అన్నీ పోతాయి. తడి బుట్టలో ప్లాస్టిక్ కవరు వద్దు. ఎరువు తయారుచేసే చోట దాన్ని ఎవరో ఒకరు చేత్తో చించాల్సి వస్తుంది. అడుగున రెండు పొరల పాత పేపరు చాలు. మిగిలిన సాంబారును జల్లెడతో వడకట్టి ముద్ద మాత్రమే వేస్తే వాసన బాగా తగ్గుతుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు పాల ప్యాకెట్ సంగతి చూడండి. పాలు పొయ్యి మీద పెట్టగానే, అవి కాగేలోపు ప్యాకెట్ కడిగి క్లిప్పుతో ఆరేయాలి. మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా ఊడిపోకుండా చూడండి, ఊడితే అది కాలువలోకే చేరుతుంది. కడగని ప్యాకెట్ పులిసి సంచిలోని కాగితాలనూ పాడుచేస్తుంది.

లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని దానంతటదే జరిగే స్థాయికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా అని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. అందుకే 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట పట్టుకుని నిరాశపడకండి. ఊరెళ్లి వచ్చిన పొద్దున మళ్లీ పాలతోనే మొదలుపెట్టండి.

అది కుదిరాక రెండోది: రాత్రి గిన్నెలు తోమగానే తడి బుట్ట గుమ్మం దగ్గరికి చేరాలి. ఇంట్లో పనిచేసే ఆమెకు నోటితో చెప్పి వదలకుండా ఒకసారి చేసి చూపించండి.

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. కార్మికులు చెత్తను చేత్తో ఏరుతారని మరవకండి. పగిలిన గాజును మందపాటి అట్టలో చుట్టండి. బ్యాటరీలకు, గడువు తీరిన మందులకు వేరే డబ్బా ఉండాలి.

చెత్త బండిలో రెండూ కలిపేస్తున్నారా? మీరు మాత్రం ఆపకండి. ఇంట్లో వేరు చేయడం మన బాధ్యత అనీ, వేరుగా తీసుకెళ్లడం పురపాలక సంఘం బాధ్యత అనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. బండి నంబరు, తేదీ రాసి, నలుగురు ఇరుగుపొరుగుతో సంతకాలు పెట్టించి వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి.