రూపాయి పడితే లాభమెవరికి? మిర్చి లెక్కతో తేలింది (నా అనుభవం)

"రూపాయి పడితే (డాలరుతో పోలిస్తే విలువ తగ్గితే) దేశానికి నష్టమే." నేను పాఠం చెప్పే పదో తరగతిలో ఎవరిని అడిగినా ఇదే జవాబు. చార్టులు, వీడియోలు, నిర్వచనాల బట్టీ దండగే అయ్యాయి.

పనిచేసింది గుంటూరు తేజ రకం మిర్చి. ముందు బోర్డు మీద ఒక్క ధరే రాయాలి: చైనా వ్యాపారి కిలోకు 2 డాలర్లు ఇస్తాడనుకుందాం. డాలరు 80 రూపాయలైతే క్వింటాకు 16,000, 85 అయితే 17,000. ఆ పెరిగిన వెయ్యి ఎవరి జేబులోకి అని అడిగి, కాసేపు వాదించుకోనివ్వాలి. తర్వాతే తొడిమలు తీసే కూలి, కోల్డ్ స్టోరేజీ అద్దె, కమీషన్, చెన్నై పోర్టుకు లారీ కిరాయి ఒక్కొక్కటే తీయించాలి. రైతు సరుకు ముందే అమ్మేసి ఉంటే? ఈ ప్రశ్నకే క్లాసు కదులుతుంది. పామాయిల్ దిగుమతి ఖరీదయ్యే లెక్క చివర్లోనే. ముందు చెబితే మళ్లీ "నష్టమే" అంటారు.

అసలు మిర్చి యార్డు (మార్కెట్) రేటు పెట్టొద్దు, పీరియడంతా రేటు మీద గొడవతోనే సరి. విజయవాడ పిల్లలకైతే క్వింటా అంటే 100 కిలోలని కూడా చెప్పాలి. మిర్చి పండని చోట ఇంతగా పట్టుకుంటారో లేదో అనుమానమే. సుంకాల పాఠానికి మాత్రం ఈ లెక్క అతకదు.