షాఫ్ట్ బండి వెనక బేరింగ్ పోతే ఏం చేయాలి

చైన్‌కి ఆయిల్ కొట్టక్కర్లేదు, టైట్ చేయక్కర్లేదు, స్ప్రాకెట్లు మార్చక్కర్లేదు అనే కదా షాఫ్ట్ బండి, అంటే చైన్ బదులు తిరిగే ఇనుప కడ్డీతో వెనక చక్రం నడిచే బండి, కొంటాం. కొన్నాక వెనక చక్రం పక్కన ఉండే ఆ అల్యూమినియం డబ్బా వైపు చూడటం కూడా మానేస్తాం. నేనూ అలాగే మానేశాను. రెండు వర్షాకాలాలు కోనసీమ అంతా తిరిగాక, ఒకరోజు నరసాపురం నుంచి భీమవరం వస్తూ టీకి ఆగితే వెనక రిమ్ము మీద నల్లగా ఆయిల్ చార కనిపించింది. ఆ చార వల్ల నాకు రెండుసార్లు డబ్బు వదిలింది, రెండోసారి మాత్రం వదలక్కర్లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లోపల ఏముందో తెలియాలి. ఇంజిన్ నుంచి షాఫ్ట్ పొడవునా వచ్చిన తిరుగుడు చక్రానికి అందాలంటే 90 డిగ్రీలు మళ్లాలి. ఆ పని పినియన్ అనే చిన్న గేరు, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు కలిసి చేస్తాయి, ట్రాక్టర్ వెనక హౌసింగ్‌లో ఉన్నట్టే. ఒంటి చేతి స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని ఒక పక్క నుంచే పట్టుకునే చేయి) ఉన్న బళ్లలో చక్రాన్ని నేరుగా క్రౌన్ వీల్ మోసే భాగానికే బిగిస్తారు. అంటే బండి బరువు, గుంతల దెబ్బ, పళ్లు ఒకదాన్నొకటి పక్కకి నెట్టే బలం, అన్నీ ఒక పెద్ద బేరింగ్ మీదే పడతాయి. నూటికి తొంభై పాళ్లు కాదు, దాదాపు మొత్తం అక్కడే.

అది ఎందుకు పోతుంది? మన ప్రాంతంలో మొదటి అనుమానం నీళ్ల మీదే. గోదావరికి వరదొచ్చినప్పుడు లంక ఊళ్లకు వెళ్లే కాజ్‌వేల మీద మోకాలి లోతు పారుతుంటే కూడా మనం బండి దించేస్తాం. అప్పటిదాకా నడిచి వేడెక్కిన డబ్బా ఒక్కసారిగా చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ (లోపలి గాలి ఆడే చిన్న రంధ్రం) దగ్గరో అరిగిన సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) అంచు దగ్గరో నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాల టీ రంగులోకి మారుతుంది, ఇక బండి రెండు వారాలు కదలకుండా నిలబడితే బేరింగ్ రేసు (బాల్స్ దొర్లే రింగు) మీద తుప్పు మచ్చలు పడతాయి, ఆ మచ్చల దగ్గరే తర్వాత లోహం పెచ్చులుగా లేస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లకి దీనికి తోడు ఉప్పు. సర్వీసింగ్‌లో ప్రెషర్ వాటర్ నేరుగా సీల్ మీద కొట్టించడం కూడా అంతే చేటు.

రెండో కారణం బిగింపు. దాని దగ్గరకి తర్వాత వస్తాను, అసలు విషయం అదే.

నెలకోసారి పది నిమిషాలు పెట్టి ఇవి చూడండి. బండిని సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపండి, తర్వాత ముందూ వెనకా పట్టుకుని ఊపండి. లూజు తగిలితే వెంటనే బేరింగ్ అనుకోవద్దు, స్వింగ్‌ఆర్మ్ పివట్ (డబ్బా స్వింగ్‌ఆర్మ్‌కి తగులుకునే కీలు) బేరింగులు అరిగినా అలాగే ఉంటుంది. ఇంకొకరిని పిలిచి, డబ్బాకీ స్వింగ్‌ఆర్మ్‌కీ మధ్య అతుకు మీద వేలు పెట్టమనండి. ఆ అతుకు దగ్గర కదలిక తెలిస్తే పివట్, డబ్బా నిలకడగా ఉండి చక్రం మాత్రమే కదిలితే లోపలి పెద్ద బేరింగ్. కొన్ని మోడళ్లలో చాలా కొద్దిగా కదలిక ఉండటం మామూలే, ఎంతవరకు ఒప్పుకోవచ్చో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి, గరగరమంటుందా, ఒకచోట పట్టి మళ్లీ వదులుతుందా అని డబ్బా మీద అరచేయి ఆనించి గమనించండి. చెవికి వినపడని గరుకు అరచేతికి తెలుస్తుంది.

ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతం చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. గోరుకి గుచ్చుకునే పెచ్చులు, మెరిసే రేకులు ఉంటే మాత్రం ఆ రోజు నుంచి ఆ బండి ఎక్కొద్దు. బేరింగ్ పూర్తిగా చితికితే చక్రం వంకరపోతుంది, ఆయిల్ టైరు మీదా బ్రేకు డిస్కు మీదా పడుతుంది. టాటా ఏస్‌లో వేసుకుని తీసుకెళ్లడమే మంచిది. ఏబీఎస్ సెన్సర్ ఆ డబ్బాలోకే దిగి ఉండే బళ్లలో సెన్సర్ కొసకి ఇనుప పొడి అంటుకుని ఏబీఎస్ లైటు వెలగడం కూడా ఒక ముందస్తు సూచన.

ఇక విప్పడం. ఆయిల్ దించి, చక్రం, బ్రేకు క్యాలిపర్, సెన్సర్ తీసేయండి. కొన్ని బళ్లలో పివట్ బోల్టులకు ఫ్యాక్టరీలో గట్టి లాక్ జిగురు వేస్తారు, హీట్ గన్‌తో బాగా వేడి చేశాకే తిప్పండి, లేకపోతే అల్యూమినియం మర పోతుంది. డబ్బా బల్ల మీదకి వచ్చాక మూత బోల్టులు విప్పి, బేరింగ్ కూర్చున్న చోట చుట్టూ సమానంగా ఎనభై, వంద డిగ్రీల దాకా వేడెక్కించండి. అల్యూమినియం ఉక్కు కంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. 150 మిల్లీమీటర్ల రంధ్రం 80 డిగ్రీలు పెరిగితే దాదాపు 0.28 మి.మీ. సాగుతుంది, అదే కొలత ఉక్కు 0.14 దగ్గరే ఆగుతుంది. ఆ తేడా చాలు, బేరింగ్ సుత్తి దెబ్బ లేకుండా వదిలేస్తుంది. గ్యాస్ మంట ఒకేచోట పెడితే డబ్బా వంకరపోతుంది, వద్దు. క్రౌన్ మీద మిగిలిపోయిన లోపలి రేసుని పుల్లర్‌తో లాగాలి. షిమ్ములు (ఖాళీ సరిచేయడానికి పెట్టే పలుచటి రింగులు) ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఫొటో తీసి విడివిడి కవర్లలో వేసుకోండి.

కొత్త బేరింగ్ నంబరు పాతదాని అంచు మీద ఉంటుంది, నంబరు చివర ఉండే అక్షరాలతో సహా రాసుకోండి. సీ3 అని ఉందంటే లోపలి ఖాళీ మామూలు కంటే ఎక్కువని అర్థం, అది లేని బేరింగ్ తెచ్చి పెడితే వేడికి పట్టేస్తుంది. పెద్ద కంపెనీల పేర్లతో నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి.

నా మొదటి రిపేరు ఇక్కడే చెడింది. ఒక వర్క్‌షాప్‌లో బేరింగ్ మంచిదే వేశారు, సీల్ కొత్తదే వేశారు, పాత షిమ్ము అలాగే పెట్టి మూత బిగించేశారు. నాలుగు వేల కిలోమీటర్లకి మళ్లీ అదే ఆయిల్ చార. రెండోసారి భీమవరంలో రైస్ మిల్లు బేరింగులు, చెరువుల ఏరేటర్ గేర్‌బాక్సులు బాగుచేసే లేత్ మేస్త్రి గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన రేసు మీద నల్లగా కాలిన పట్టీ చూసి, "బేరింగుది తప్పేం లేదండి, కూర్చోబెట్టిన తీరులోనే ఉందండి తప్పంతా" అన్నారు. ఏరేటర్ గేర్‌బాక్సుల్లో రోజూ చూసేది అదేనట.

విషయం ఏంటంటే, ఇలాంటి డ్రైవుల్లో చాలావాటికి మూత బిగించాక బేరింగ్ మీద కొద్దిపాటి ఒత్తిడి ఉండాలి, దాన్నే ప్రీలోడ్ అంటారు. ఎక్కువైతే వేడెక్కి కాలిపోతుంది. తక్కువైతే క్రౌన్ ఊగి, సీల్ పెదవి అరిగి ఆయిల్ కారుతుంది. కొత్త బేరింగ్ వెడల్పు పాతదానితో వెంట్రుకవాసి తేడాగా ఉన్నా లెక్క మారిపోతుంది, అందుకని ప్రతిసారీ కొలవాల్సిందే. బేరింగ్ డబ్బా అంచు నుంచి ఎంత పైకి ఉందో డెప్త్ గేజ్‌తో నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి, మూతలో గుంట లోతు కూడా అలాగే. గుంట 7.90 మి.మీ., బేరింగ్ 7.25 అనుకోండి, మధ్యలో ఖాళీ 0.65. మీ మాన్యువల్ 0.05 నుంచి 0.10 ప్రీలోడ్ అడిగితే షిమ్ము 0.70 నుంచి 0.75 మధ్యలో ఉండాలి. గ్యాస్కెట్ ఉంటే దాని మందం కూడా లెక్కలో కలపాలి. కొన్ని మోడళ్లకు ప్రీలోడే ఉండదు, అందుకని నా అంకెలు కాకుండా మీ బండి అంకెలే వాడండి. నా పాత షిమ్ము ఇలా కొలిస్తే 0.2 మి.మీ. ఎక్కువ మందం తేలింది.

క్రౌన్‌కి అవతలి వైపు షిమ్ము జోలికి వెళ్లకండి, అది పళ్ల మధ్య ఖాళీని నిర్ణయిస్తుంది. పినియన్ గానీ క్రౌన్ గానీ మార్చితే మాత్రం ఆ ఖాళీని డయల్ గేజ్‌తో, పళ్లు ఆనే మచ్చని రంగు పూసి చూడాలి, అది ఇంట్లో చేసుకునే పని కాదు.

ఎక్కించేటప్పుడు బేరింగ్‌ని వంద డిగ్రీలకి వేడి చేయండి, 120 దాటనివ్వొద్దు. క్రౌన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్ డీప్‌ఫ్రీజర్‌లో పెట్టండి. చేత్తో పెడితే చాలు, జారి కూర్చుంటుంది. నొక్కాల్సి వస్తే లోపలి రేసు మీదే నొక్కాలి, బయటి రేసు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ గుండా వెళ్లి రేసులో గుంటలు పడతాయి. సీల్ పెదవికి ఆయిల్ రాసి, వంకర లేకుండా దించండి. బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బిగువో చూపే పానా), ఎదురెదురుగా బిగించండి.

ఆయిల్ జీఎల్-5 హైపాయిడ్ (ఇలాంటి గేర్లకు వాడే రకం), చాలా బళ్లకి 75డబ్ల్యూ-90 గ్రేడు. పావు లీటరుకి అటూ ఇటూ పడుతుంది, ఎక్కువ పోస్తే వేడెక్కి సీల్ నుంచి తోసుకొస్తుంది. ట్రాక్టర్ కోసం షెడ్డులో ఉన్న ఆయిల్ తెచ్చి పోయకండి, దాని గ్రేడు వేరే అయి ఉండొచ్చు.

మొదటి రోజు ముప్పై కిలోమీటర్లు మామూలు స్పీడులో నడిపి ఆగి, డబ్బా మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉండాలి, చేయి తీసేసేంత కాలకూడదు. వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మళ్లీ దించేయండి, ఆ తర్వాత కాజ్‌వే నీళ్లలో దిగిన ప్రతిసారీ ఇంటికొచ్చాక ఒక చెంచాడు దించి రంగు చూడండి. నాది వెయ్యి దగ్గర దించినప్పుడు అయస్కాంతం మీద పలుచటి బూడిద ముద్ద మాత్రమే ఉంది, ఆయిల్ తేనె రంగులో ఉంది.